సత్యవేణి వేగం

ప్రభుత్వ ఉత్తర్వుల్లో తప్పులుండవు. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి కనక ఈ మాట నేను అనుభవం మీద చెప్పగలను. కాలవలోకి నీళ్ళు రాకపోవచ్చు. నీళ్ళు వదిలాం అన్న ఉత్తర్వు మాత్రం ఏ ఏడూ రాకుండా లేదు. అర్థంకాని ఉత్తర్వు ఎదురైతే లోపం మన చదువులో ఉందనుకోవాలి. మా ఎదురింటి సత్యవేణి విషయంలోనూ నేను మొదట అలాగే అనుకున్నాను.

సత్యవేణికి పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. ఇప్పుడు ముప్పై దాటింది. తల్లి వెంకాయమ్మ తప్ప ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇరవై ఏళ్ళొచ్చేదాకా ఆ పిల్ల చూసిన లోకమంతా వాళ్ళమ్మ వీపు మీంచి చూసిందే. తరవాత ప్రభుత్వం వారు మూడు చక్రాల స్కూటరు ఇచ్చారు. పెట్రోలుకీ మరమ్మతులకీ నెలనెలా చలన భత్యం అని కొంత సొమ్ము కూడా ఇవ్వసాగారు. అంతే, పిల్ల మారిపోయింది. మిక్సీలూ గ్రైండర్లూ బాగుచెయ్యడం నేర్చుకుంది. మా నల్లగరువులోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏ వంటింట్లో మిక్సీ గుర్రుమని ఆగిపోయినా ఫోను సత్యవేణికే. ఆ ఇంటి ముందు బండి ఆపి హారను కొట్టేది. ఆడవాళ్ళు సగం రుబ్బిన పచ్చడి జారుతో సహా మిక్సీ పట్టుకుని బయటికొచ్చేవారు. బండి దిగకుండానే విప్పి, బాగుచేసి, పచ్చడి రుచి చూసి మరీ వెళ్ళేది.

ఇలా ఉండగా, చలన సామర్థ్య పునర్మదింపు అనే ఉత్తర్వు వచ్చింది. నేను దాన్ని ఆసాంతం చదివాను. అద్భుతంగా ఉంది. ఇంతకాలం డాక్టర్లు వికలాంగుల కాళ్ళు చూసి శాతం వేస్తున్నారట. ఇది అశాస్త్రీయం. కాళ్ళు సాధనాలు మాత్రమే, చలనమే ఫలితం. ఫలితాన్ని వదిలేసి సాధనాన్ని కొలవడం ప్రజాధనం దుర్వినియోగం చెయ్యడమే. ఇకమీదట మనిషి వేగం కొలుస్తారు. సగటు పౌరుడు గంటకి అయిదు కిలోమీటర్లు నడుస్తాడు. అంతకన్నా ఎంత తక్కువ వేగంతో కదిలితే అంత శాతం వైకల్యం. పలకా బలపం ఉన్నవాడెవడైనా కట్టగలిగే లెక్క.

మండలాఫీసులో మదింపు క్యాంపు పెట్టారు. తోడుగా నేనూ వెళ్ళాను. చలన మదింపు అధికారి సీతాపతి గారు కిటికీ పక్కన కూర్చున్నారు. సత్యవేణి బండి ఆపి, చేతుల మీద జరుగుతూ లోపలికి వచ్చేదాకా ఆయన కిటికీలోంచి బండినే చూశారు.

"ఎలా వచ్చారు?" అన్నారు.

"బండి మీదండి."

"నడిపినది ఎవరు?"

"నేనేనండి," అంది సత్యవేణి కొంచెం గర్వంగా.

"వేగం?"

"రోడ్డు బాగుంటే నలభై లాగుద్దండి."

సీతాపతి గారు కాలిక్యులేటరు మీద నొక్కారు. మళ్ళీ నొక్కారు. ఆయన ముఖంలోకి గౌరవం వచ్చింది.

"మీరు సగటు పౌరుడి కంటే ఎనిమిది రెట్లు వేగంగా కదులుతున్నట్లు నిర్ధారణ అవుతున్నది. అభినందనలు."

"అది బండి స్పీడండి. నాది కాదండి."

"బండి కదిలినప్పుడు మీరు దాని మీద ఉన్నారా, లేదా?"

"ఉన్నానండి."

"బండి ఇక్కడికి వచ్చి, మీరు ఇంటి దగ్గర ఉండిపోయారా?"

"లేదండి. వచ్చానండి."

"మరి!" అన్నారు ఆయన, ఇంక మాట్లాడ్డానికేముంది అన్నట్టు.

నేనూ తలూపాను. తర్కం అంత గట్టిగా ఉంది. మా వెనక ఒక ముసలాయన, పాపం ఒక కాలు మోకాలి దగ్గరికి తీసేశారు, అల్లుడి కారులో వచ్చాడు. ఆయన వేగం ఇంకా ఎక్కువ తేలింది.

"లెక్క ప్రకారం మీ వైకల్యం సున్నా కంటే తక్కువకు పోవుచున్నది. నిబంధనలను కచ్చితంగా పాటించినచో ఇంతకాలం అదనంగా కదిలినందుకు మీరే ప్రభుత్వానికి చెల్లించవలసి ఉంటుంది. అయినను మానవతా దృక్పథంతో పది శాతంగా నిర్ణయించడమైనది," అన్నారు సీతాపతి గారు.

పది శాతం వాళ్ళకి చలన భత్యం పేరుకే. ఆ వచ్చేదానితో బండికి ఒకసారి గాలి కొట్టించుకోవచ్చు. అంతకన్నా పెద్ద సంగతి, పది శాతం వాళ్ళు స్కూటరుకి అర్హులు కారు. వెంటనే తిరిగి అప్పజెప్పాలి.

"బండి ఇచ్చేస్తే నేను కదల్లేను కదండీ?" అంది సత్యవేణి.

"అప్పుడు మీరు అర్హులవుతారు. బండి కొరకు దరఖాస్తు చేసుకొనవచ్చును."

"దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలండి?"

"ఇక్కడే. స్వయంగా వచ్చి ఇవ్వాలి."

"వస్తే మళ్ళీ కదిలినట్టే కదండీ?"

సీతాపతి గారు నవ్వారు. ఇంత తొందరగా నిబంధనను అర్థంచేసుకున్న లబ్ధిదారు ఆయనకి అంతకుముందు తగలలేదట.

వారం తిరక్కుండానే బండ్లు దాచే ప్రభుత్వ స్టోరు వాళ్ళు వ్యాను వేసుకొచ్చి బండిని ఎక్కించుకుపోయారు. సత్యవేణి గుమ్మంలో కూర్చుని చూసింది. ఏడవలేదు. సీటు కింద ఉన్న స్క్రూడ్రైవర్ల సంచీ మాత్రం అడిగి తీసుకుంది. వ్యాను సందు మలుపు తిరుగుతుంటే వెంకాయమ్మ ఆ వెనక నాలుగడుగులు వేసి, ఎందుకు వేసిందో తెలియనట్టు ఆగిపోయింది.

ఆ తరవాత ఊళ్ళో వాళ్ళు మిక్సీలు ఇంటికే తెచ్చేవారు కానీ, బయట ఊళ్ళ నుంచి ఎంతమంది వస్తారు? ఫోను మోగుతూనే ఉండేది. "బండి లేదండి, రాలేనండి," అని చెప్పీ చెప్పీ ఒకరోజు ఆ పిల్ల ఫోను కట్టేసింది. ఒక సాయంత్రం నేను వీధి వాకిట్లో కూర్చుని ఉండగా వెంకాయమ్మ కూతుర్ని వీపున వేసుకుని మిక్సీ విడిభాగాల షాపు దాకా తీసుకెళ్తోంది. వెంకాయమ్మకి అరవై దాటాయి. నాలుగడుగులకోసారి ఆగుతోంది. సత్యవేణి తలదించుకుని ఉంది. నన్ను చూసి పలకరించలేదు. నేనూ పేపరు అడ్డం పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సత్యవేణి వాళ్ళ అరుగు మీంచి కేకేసింది.

"బాబాయ్ గారండీ, అప్పీలు పెడదామండి."

"తప్పకుండా పెడదాం. ఉత్తర్వులో అప్పీలుకి అవకాశం ఉంది," అన్నాను. ఉత్తర్వులో లేనిదంటూ ఏముంది గనక!

అప్పీలు విచారణ జిల్లా కేంద్రంలో. అప్పీలుదారు స్వయంగా హాజరు కావాలి, కాకపోతే అప్పీలు కొట్టేస్తారు. ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. చలన సంక్షేమ భవనం కొత్తది, మూడంతస్తులు, బాగుంది. చక్రాల కుర్చీలు ఎక్కడానికి ర్యాంపు కూడా కట్టారు. అయితే అది మొదటి అంతస్తులో మొదలవుతుంది. కింది ముక్క రెండో దశలో మంజూరవుతుందని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు.

ఆటో అతను మమ్మల్ని దింపేసి ఇంకో బేరం ఉందని వెళ్ళిపోయాడు. సత్యవేణి మెట్ల వంక ఒకసారి చూసింది. కొంగు నడుముకి బిగించి, ఒక మెట్టు మీద అరచేతులు ఆనించి ఒళ్ళు పైకి లాక్కుంది. మళ్ళీ పై మెట్టు. నేను ఆవిడ సంచీ పట్టుకుని వెనకాల నడిచాను. ఈ మెట్ల ప్రస్తావన ఉత్తర్వులో ఏ పేరాలో వచ్చిందా అని గుర్తుచేసుకోబోయాను. రాలేదు. మధ్యలో పైనుంచి దిగుతున్న ఇద్దరు గుమాస్తాలు ఆమెకి దారి ఇచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఎటు చూడాలో తెలియక కాసేపు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

అప్పీలు అధికారి డాక్టర్ విశ్వంభరం గారు. వైద్యంలో డాక్టరు కాదు, చలనం అనే భావన మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నారు. భారీ విగ్రహం. మోకాళ్ళ నొప్పులు కాబోలు, కాళ్ళ కింద చిన్న పీట వేసుకున్నారు. ఎంతో మర్యాదస్థులు. నేల మీద ఉన్న సత్యవేణిని చూసి, "అయ్యో, కుర్చీలో ఆసీనులు కండి," అన్నారు. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని పైకి లేచి కూర్చుంది. విశ్వంభరం గారు పక్కనున్న టైపిస్టుతో, "ఉపవేశన సామర్థ్యం కలదు. రాసుకోండి," అన్నారు.

"పైకి ఎట్లు వచ్చితిరి?" అని అడిగారు.

"చేతుల మీదండి."

"ఆరోహణ సామర్థ్యం కలదు. అది కూడా రాసుకోండి."

నేను పాత డాక్టర్ల సర్టిఫికెట్ ఆయన ముందు పెట్టాను. అందులో రెండు కాళ్ళ గురించీ వివరంగా ఉంది. ఆయన దాన్ని వేలితో మృదువుగా పక్కకి జరిపారు.

"ఇది గతం. ఉత్తర్వు ప్రకారం సమర్థుడైన అధికారి సమక్షంలో జరిగిన తాజా పరిశీలనే ప్రామాణికం. మీ అప్పీలు అత్యంత సానుభూతితో పరిశీలించబడి తిరస్కరించబడినది. ఇక మీరు వెళ్ళవచ్చును."

సత్యవేణి కదల్లేదు.

"వెళ్ళవచ్చును," అన్నారు ఆయన మళ్ళీ, వినబడలేదేమో అనుకుని.

"వెళ్ళలేనండి. ఎక్కడానికి చేతులున్నాయండి. దిగేటప్పుడు ఒళ్ళు ముందుకి తూలుద్దండి. నిలదొక్కుకోడానికి కాళ్ళు లేవండి. బండి మీ దగ్గరుందండి. ఆటో వెళ్ళిపోయిందండి. ఇక్కడే కూర్చుంటానండి."

ఆమె గొంతులో కోపం లేదు. మిక్సీలో ఏ వైరు కాలిందో చెప్పినట్టు చెప్పింది.

విశ్వంభరం గారు బెల్లు కొట్టారు. అటెండరు పుల్లయ్య వచ్చాడు. ఫైళ్ళు ఎత్తడం తన విధి, మనుషుల్ని ఎత్తడం కాదని వినయంగా విన్నవించుకున్నాడు. వాచ్‌మన్‌ని పిలిపించారు. తన కాంట్రాక్టు గేటు వరకే అన్నాడతను. ఆడమనిషిని ముట్టుకోవాలంటే ఆడ కానిస్టేబులు రావాలి, కానిస్టేబులు రావాలంటే ఫిర్యాదు ఉండాలి. వికలాంగురాలు కదలడం లేదని చలన శాఖ ఫిర్యాదు చెయ్యడం బాగుండదని టైపిస్టు సలహా ఇచ్చింది. ఆ మాట ఎందుకో అందరికీ సబబుగా తోచింది.

విశ్వంభరం గారే లేచి బయటికి పోవచ్చు కదా అని మీరనుకోవచ్చు. వీల్లేదు. రహస్య ఫైళ్ళున్న గదిలో బయటివారిని వదిలి అధికారి వెళ్ళకూడదని ఇంకో నిబంధన ఉంది. అది మంచి నిబంధన, మా శాఖలోనూ ఉండేది. అందుచేత ఆయన కుర్చీలో ఆయన, కుర్చీలో ఆవిడ. మధ్యలో బల్ల మీద తిరస్కరణ ఉత్తర్వు, సంతకం కాకుండా.

మధ్యాహ్నం ఆయన క్యారియరు కుర్చీలోనే విప్పుకున్నారు. ఒక్కరే తినలేక, "కొంచెం పులిహోర?" అన్నారు. సత్యవేణి పుచ్చుకుంది. "ఇంగువ బాగుందండి," అంది. ఆయన సంతోషించారు. తిన్నాక కాస్త కునుకు తీశారు. మెలకువ వచ్చాక తలుపు వంక చూశారు. చాలాసేపు చూశారు. పెద్దమనిషి, ఇబ్బంది బయటికి చెప్పుకోలేరు. కాళ్ళు మాత్రం పీట మీద కదుల్తున్నాయి.

ఆఫీసు మూసే వేళయింది. గుమ్మం దగ్గర గుమాస్తాలు సంచులు తగిలించుకుని, ఇది ఎలా ముగుస్తుందో చూడాలని నిలబడ్డారు.

"అమ్మా, దయచేసి కదలండి," అన్నారు విశ్వంభరం గారు. ఆ గొంతులో ఆ రోజంతట్లో మొదటిసారి మామూలు తెలుగు వినబడింది.

అప్పుడు సత్యవేణి నావైపు తిరిగింది.

"బాబాయ్ గారండీ, పొద్దుట ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ నా స్పీడెంతండి?"

నేను ఆలోచించాను. ఉత్తర్వు నాకు కంఠతా వచ్చు.

"సున్నా అమ్మా," అన్నాను.

"సున్నా అయితే శాతం ఎంతండి?"

"వంద."

"ఎవరి ముందరండి?"

"సమర్థుడైన అధికారి సమక్షంలో," అన్నాను. ఆ మాట అంటుంటే నా ఒళ్ళు గగుర్పొడిచింది. "తాజా పరిశీలన."

విశ్వంభరం గారి చేతిలో కలం గాలిలో ఆగింది.

"అది కుదరదు. మీరు కదలలేక కాదు, కదలకుండా ఉన్నారు!"

"అయితే ఆ రోజు క్యాంపుకి నేను కదలగలిగి కాదండి, బండి కదిలితే వచ్చాను. అప్పుడు కాళ్ళు చూడలేదండి. ఫలితమే చూస్తామన్నారు. ఇప్పుడూ ఫలితమే చూడండి." కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "నన్ను మా అమ్మ మోస్తోందండి. ఆవిడ ఇంక మొయ్యలేదు. పోనీ మీ లెక్కలో ఆవిడ వేగం కూడా కట్టండి."

గుమ్మంలో గుమాస్తాల్లో ఒకతను సంచీ భుజం మార్చుకున్నాడు. నేను గొంతు సవరించుకుని, "ఉద్దేశాన్ని కొలవమని ఉత్తర్వులో ఎక్కడా లేదండి. కావాలంటే చూసుకోండి," అన్నాను.

ఆయన చూసుకున్నారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా చూసుకున్నారు. చూసేకొద్దీ ముఖం మారింది. అది ఓటమి కాదు, ఒక పండితుడికి తన విషయంలో కొత్త లోతు కనబడినప్పటి వెలుగు. మెల్లిగా నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"సూత్రం 'ఏ వ్యక్తి అయినను' అంటున్నదే," అన్నారు రహస్యంగా. "పొద్దుటి నుంచి ఈ గదిలో నేను కూడా..."

"సున్నాయేనండి," అన్నాను.

"ఉద్యోగులకు మినహాయింపు?"

"ఎక్కడా లేదండి."

ఆయన మోకాళ్ళు నిమురుకున్నారు. ఆ సాయంత్రం ఆ గదిలో ఇద్దరికి వంద శాతం మంజూరైంది. గుమ్మంలో ఉన్న గుమాస్తాలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, సంచులు దింపి, ఎవరి సీట్లలోకి వాళ్ళు వెళ్ళి కదలకుండా కూర్చున్నారు. సత్యవేణిని కిందికి నేనూ పుల్లయ్యా కుర్చీతో సహా దింపాం. మంజూరు కాగితం చూశాక పుల్లయ్యే ముందుకొచ్చాడు. వంద శాతం వాళ్ళు ఫైలుతో సమానమని అతని అభిప్రాయం.

కొన్నాళ్ళకి బండి తెచ్చుకోడానికి స్టోరుకి వెళ్ళేసరికి అక్కడ కొత్త మూడు చక్రాల స్కూటర్లు బారులు తీరి ఉన్నాయి. అన్నీ చలన సంక్షేమ భవనం సిబ్బందివే. సీట్లకి ప్లాస్టిక్ కాగితాలు కూడా విప్పలేదు. ఎక్కి నడిపితే వేగం వస్తుంది, వేగం వస్తే శాతం పోతుంది. అందుకని వాటిని అక్కడే ఉంచి, అందరూ నడిచే ఆఫీసుకి వెళ్తున్నారు. విశ్వంభరం గారైతే నడవడం కూడా తగ్గించారని విన్నాను.

సత్యవేణి పాత బండి ఒక మూల దుమ్ము కొట్టుకుని ఉంది. స్టోరుకీపరు నూకరాజు జాగ్రత్త గల మనిషి. కాగితం చదివాడు, సత్యవేణిని చూశాడు, మళ్ళీ చదివాడు.

"వందకి వంద శాతం కదల్లేని మనిషని రాశారు. మరి మీరు ఇక్కడికెలా వచ్చారమ్మా? వచ్చినట్టు రాస్తే మంజూరు చెల్లదు. రాలేదని రాస్తే బండి ఇవ్వకూడదు."

నిజమే. నేను తలపట్టుకున్నాను. నా సర్వీసులో ఇంత చిక్కుముడి చూడలేదు. మేమిద్దరం ఆ ముడి విప్పుతూ ఉండగానే సత్యవేణి చేతుల మీద జరుగుతూ బండి దగ్గరికి వెళ్ళింది. ఒళ్ళు సీటు మీదికి లాక్కుని, కొంగుతో హ్యాండిలు తుడిచి, తాళం తిప్పింది. రెండుసార్లు దగ్గి బండి అందుకుంది.

"అన్నగారండీ," అంది శబ్దానికి మించి గొంతు పెంచి, "నేను రాలేదని రాసేయండి!"

"మరి బండి?"

"అది ఆగేలా లేదండి!"

బండి గేటు వైపు కదిలింది. నూకరాజు ఒక్క క్షణం దాన్ని చూసి, నిట్టూర్చి, పుస్తకం తెరిచి రాశాడు: లబ్ధిదారు హాజరు కాలేదు. వాహనం వెళ్ళిపోయినది. దాని కింద ఎవరో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి కనక పుస్తకం నావైపు తిప్పాడు. పెట్టాను. ఏ హోదాలో వచ్చారో కూడా రాయాలన్నాడు.

గేటు దగ్గర సత్యవేణి బండి ఆపి, నాకోసం హారను మీద హారను కొడుతోంది.

రాని మనిషికి తోడుగా వచ్చానని రాసి, వెళ్ళి బండెక్కాను.